కాగితం మీద ఘనాకృతిని నిలబెట్టిన గాస్పార్ మోంజ్



మన గదుల్లో గోడవారగా ప్రతి ఒక్కరిదీ ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. దానికి పొడవు ఉంది, వెడల్పు ఉంది, ఎత్తు ఉంది. మన నోటుపుస్తకంలోని పేజీకి మాత్రం పొడవు, వెడల్పే ఉన్నాయి, ఎత్తు లేదు. మరి మూడు కొలతలున్న పెట్టెను రెండు కొలతలున్న కాగితం మీద ఎలా గీయాలి? చూడటానికి అందంగా ఒక బొమ్మ వేస్తే సరిపోదు. ఆ బొమ్మ చూసి ఎక్కడో దూరాన ఉన్న పనివాడు, మనల్ని ఒక్క మాటైనా అడగకుండా, అచ్చం అదే పెట్టెను తయారు చేయగలగాలి. అలా గీయాలంటే ఏం చేయాలి?

ఈ రోజుల్లో ఈ పని కంప్యూటర్ చేస్తోంది. జియోజెబ్రా, ఆటోక్యాడ్, మ్యాట్‌ల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లలో పిరమిడ్ కావాలంటే పిరమిడ్, గోళం కావాలంటే గోళం తెర మీద ప్రత్యక్షమవుతాయి. వేలితో తిప్పితే తిరుగుతాయి. ఘనపరిమాణం అడిగితే చెబుతాయి. కానీ ఆ పని వెనుక ఉన్న ఆలోచనను ఒక పద్ధతిగా పెట్టింది రెండున్నర శతాబ్దాల నాటి ఒక ఫ్రెంచి కుర్రవాడు. పెద్ద ఇంట్లో పుట్టలేదన్న కారణంతో అసలు తరగతి గదిలోకి రానివ్వని కుర్రవాడు. ఆయన పేరు గాస్పార్ మోంజ్. పాలిటెక్నిక్‌లోనో, ఇంజనీరింగ్‌లోనో చేరి మొదటి ఏడాది డ్రాయింగ్ షీటు ముందు కూర్చోబోయే మన వాళ్లందరూ తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

బాల్యం, చదువు

మోంజ్ 1746 మే నెలలో ఫ్రాన్స్ దేశంలోని బోన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి జాక్ మోంజ్ ఊరూరా తిరిగి చిల్లర సరుకులు అమ్మేవాడని, కత్తులకు సానపట్టేవాడని చెబుతారు. తాను పెద్దగా చదువుకోకపోయినా ఆ తండ్రికి చదువు విలువ బాగా తెలుసు. ముగ్గురు కొడుకులనూ బడికి పంపాడు. ముగ్గురూ లెక్కల్లో పైకి వచ్చారు. పెద్దవాడు గాస్పార్.

బోన్‌లో క్రైస్తవ గురువులు నడిపే బడిలో చదివాడు. బుర్రతోపాటు చేతులకు కూడా పని చెప్పే అలవాటు చిన్నప్పటి నుంచే ఉండేది. పద్నాలుగేళ్ల వయసులో మంటలార్పే నీటి పంపును సొంతంగా తయారు చేశాడని అంటారు. 1762లో, పదహారేళ్ల వయసులో, పై చదువుకు లియాన్ నగరం వెళ్లాడు. అతని తెలివి చూసిన అక్కడి గురువులు మరుసటి ఏడాదే అదే విద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పమన్నారు. అంటే మనవాళ్లు ఇంటర్ చదివే వయసులో ఆయన పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు.

ఊరి పటం తెచ్చిన పిలుపు

1764లో మోంజ్ సొంత ఊరికి తిరిగి వచ్చాడు. ఊరికే కూర్చోకుండా బోన్ పట్టణం మొత్తానికి ఒక పెద్ద పటం గీశాడు. ఎలా కొలవాలో తనే ఆలోచించుకున్నాడు. కొలిచే సాధనాలూ తనే తయారు చేసుకున్నాడు. ఆ పటం సైన్యంలోని ఒక ఇంజనీరు అధికారి కంట పడింది. గీసింది పద్దెనిమిదేళ్ల కుర్రవాడని తెలిసి ఆయన ఆశ్చర్యపోయాడు. మెజియేర్ అనే ఊళ్లో ఉన్న రాజు గారి సైనిక ఇంజనీరింగ్ పాఠశాలకు అతని గురించి సిఫారసు చేశాడు.

అది ఆ రోజుల్లో దేశంలోనే పేరున్న పాఠశాల. కోటలు, వంతెనలు కట్టే అధికారులు అక్కడే తయారయ్యేవారు. మోంజ్ ఎంతో ఆశతో వెళ్లి ఉంటాడు.

గుమ్మం బయట విద్యార్థి

అక్కడికి వెళ్లాక అసలు సంగతి తెలిసింది. అధికారుల శిక్షణలో చేరాలంటే ప్రతిభ ఒక్కటే చాలదు, పుట్టుక కూడా కావాలి. పెద్ద వంశాల పిల్లలకే ఆ తరగతులు. సానపట్టేవాడి కొడుకుకు అందులో చోటు లేదు. అతని కోసం అదే ఆవరణలో మరో విభాగం ఉంది. అక్కడ పటాలు గీయడం, భూమి కొలవడం, ప్లాస్టర్‌తో కోటల నమూనాలు చేయడం నేర్పేవారు. దాన్ని ప్లాస్టర్ కలిపే చోటు అనే అర్థం వచ్చేలా గాష్ అని పిలిచేవారు. అక్కడ నేర్చుకున్నవాడు ఎంత గొప్పగా పనిచేసినా సహాయకుడిగానే ఉండాలి, అధికారి కాలేడు.

ప్రతిభ ఉన్నా పుట్టుకను చూసి గుమ్మం దగ్గరే ఆపేయడం అంటే ఏమిటో మన తాతలకు, ముత్తాతలకు ఎవరూ వివరించనవసరం లేదు. మోంజ్‌కు కూడా ఆ అవమానం గుచ్చుకుంది. తన పటాలను మెచ్చుకుంటున్నారు కానీ తన బుర్రలో ఉన్నది అడగడం లేదని ఆయన బాధపడేవాడు. అయినా అక్కడి నుంచి వెళ్లిపోలేదు. చేతికిచ్చిన పనినే శ్రద్ధగా చేశాడు. నిజానికి ఆ ప్లాస్టర్ పనే ఆయనకు మేలు చేసింది. రాయిని ఏ కోణంలో కోస్తే ఏ ముఖం వస్తుందో, రెండు వంపులు కలిసేచోట ఎలాంటి గీత ఏర్పడుతుందో చేతితో తాకి తెలుసుకున్నాడు.

లెక్కను తప్పించిన గీత

కొద్దికాలానికే అవకాశం వచ్చింది. ఒక కోట ప్లాను తయారు చేయమని ఆయనకు పని అప్పగించారు. చుట్టూ గుట్టలున్న చోట కోట కడితే, గుట్టమీద ఫిరంగి పెట్టిన శత్రువుకు కోట లోపలి మనుషులు నేరుగా కనిపించకూడదు, నేరుగా గురి దొరకకూడదు. అందుకు ఏ గోడ ఎంత ఎత్తు ఉండాలి? ఆ రోజుల్లో దీనికి చుట్టుపక్కల ఎన్నో చోట్ల ఎత్తులు కొలిచి, పేజీలకు పేజీలు కూడికలు, గుణకారాలు చేసేవారు. ఎన్నో రోజులు పట్టేది.

మోంజ్ చాలా తొందరగా జవాబు తీసుకొచ్చాడు. పై అధికారి దాన్ని చూడటానికే ఒప్పుకోలేదు. ఇంత తక్కువ సమయంలో ఆ లెక్కలన్నీ చేయడం అసాధ్యం, కాబట్టి ఇది తప్పే అయి ఉంటుందని ఆయన అనుకున్నాడు. మోంజ్ పట్టు వదలలేదు. తాను ఆ లెక్కలు చేయనే లేదని, వేరే దారిలో వచ్చానని వివరించాడు. చివరకు పరిశీలించి చూస్తే జవాబు సరిగ్గా ఉంది.

ఆయన చేసింది ఏమిటంటే, గుట్టలను తాకుతూ కోట మీదుగా పోయే ఒక చదునైన వాలు తలాన్ని ఊహించాడు. పెద్ద అట్టముక్కను ఒక పక్క గుట్టల మీద ఆనించి, కోట మీదకు వంచి పెట్టినట్టు అనుకోండి. మనుషులు ఆ తలానికి కిందుగా ఉంటే చాలు. ఆ తలం ఏ గోడ దగ్గర ఎంత ఎత్తులో పోతుందో అంకెలతో లెక్కించకుండా కాగితం మీద స్కేలు, వృత్తలేఖినితో గీసి తెలుసుకున్నాడు.

ఆ పద్ధతి ఏమిటి?

దీన్ని మనం ఇప్పుడే చేసి చూడవచ్చు. ఒక నోటుపుస్తకం తెరిచి, ఒక పేజీ బల్లమీద పరిచినట్టు, రెండో పేజీ గోడలా నిటారుగా ఉండేట్టు పట్టుకోండి. పరచిన పేజీ మీద సుద్దముక్కల పెట్టె పెట్టండి. పై నుంచి సూటిగా చూస్తే పెట్టె ఏ ఆకారంలో కనిపిస్తుందో దాన్ని కింది పేజీ మీద గీయండి. ముందు నుంచి సూటిగా చూస్తే కనిపించే ఆకారాన్ని వెనుక నిలబడిన పేజీ మీద గీయండి. ఇప్పుడు పెట్టె తీసేసి, నిలబడిన పేజీని వెనక్కి వాల్చి పుస్తకాన్ని బల్లపరుపుగా చేయండి. పైన ముందు చూపు, కింద పై చూపు, మధ్యలో మడత గీత. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో ఎక్స్-వై లైన్ అని పిలిచేది ఆ మడతనే. ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ అంటే ఇవే.

ఒక్క చూపు చాలదు. సుద్దముక్కల పెట్టె, పప్పు డబ్బా రెండూ ముందు నుంచి దీర్ఘచతురస్రాలే. పై చూపు చూస్తేనే ఒకటి పెట్టె అని, మరొకటి గుండ్రటి స్థూపం అని తెలుస్తుంది. రెండు చూపులూ కలిస్తే వస్తువులోని ఏ బిందువుకైనా మూడు కొలతలూ దొరుకుతాయి. పై చూపులో పొడవు, వెడల్పు ఉంటాయి. ముందు చూపులో పొడవు, ఎత్తు ఉంటాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. భూమి 6 సెంటీమీటర్ల చతురస్రం, ఎత్తు 4 సెంటీమీటర్లు ఉన్న పిరమిడ్ తీసుకోండి. దాని శిఖరం నుంచి మూలకు దిగే అంచు నిజమైన పొడవు ఎంత? ముందు చూపులో ఆ అంచు 5 సెంటీమీటర్లు కనిపిస్తుంది. పై చూపులో సుమారు 4.24 సెంటీమీటర్లే కనిపిస్తుంది. రెండూ నిజం కావు, ఎందుకంటే అంచు రెండు పేజీలకూ ఏటవాలుగా ఉంది. మోంజ్ పద్ధతిలో, పై చూపులోని 4.24ను ఒక భుజంగా, ఎత్తు 4ను మరో భుజంగా పెట్టి లంబకోణ త్రిభుజం గీస్తాం. దాని కర్ణాన్ని స్కేలుతో కొలిస్తే సుమారు 5.83 సెంటీమీటర్లు వస్తుంది. అదే నిజమైన పొడవు. పైథాగరస్ సిద్ధాంతంతో లెక్క చేసినా 34 వర్గమూలం, అంటే అదే 5.83 వస్తుంది. లెక్క రానివాడికి కూడా గీత జవాబు చెబుతుంది. వడ్రంగికి, తాపీ మేస్త్రీకి, కమ్మరికి ఇది ఎంత ఉపయోగమో ఆలోచించండి.

మోంజ్‌కు ముందు ఇలాంటి గీతలే లేవని కాదు. రాళ్లు చెక్కే మేస్త్రీలకు తమతమ కిటుకులు ఉండేవి. వాటి మీద ఫ్రెజియే అనే ఇంజనీరు 1737లోనే పెద్ద పుస్తకం మొదలుపెట్టాడు. అయితే కమానుకు ఒక కిటుకు, మెట్లకు ఒక కిటుకు అన్నట్టు ఉండేది. వాటన్నిటి కింద ఉన్న ఒకే నియమాన్ని పట్టుకుని, ఏ ఆకారానికైనా పనికొచ్చే శాస్త్రంగా చేసినవాడు మోంజ్. దానికి డిస్క్రిప్టివ్ జామెట్రీ అని పేరు.

తాళం వేసిన విద్య

ఈ పద్ధతి విలువ తెలిశాక సైన్యం దాన్ని బయటకు చెప్పకూడదని ఆంక్ష పెట్టింది. శత్రు దేశాలకు తెలిస్తే నష్టమని భయం. అందువల్ల పాతికేళ్లకు పైగా ఆ విద్య మెజియేర్ గోడలు దాటలేదు. ఒక బడుగు కుటుంబపు కుర్రవాడు కనిపెట్టింది, కష్టపడి పనిచేసే మేస్త్రీలకు ఉపయోగపడేది, అధికారుల పిల్లలకు మాత్రమే అందింది.

అయితే ఆయన స్థానం మాత్రం మారింది. 1769లో అదే పాఠశాలలో గణిత ఆచార్యుడయ్యాడు. భౌతికశాస్త్రం కూడా చెప్పాడు. తనను పక్కన కూర్చోనివ్వని వర్గం పిల్లలు ఇప్పుడు ఆయన ముందు కూర్చుని పాఠాలు విన్నారు. తర్వాతి కాలంలో ఫ్రెంచి విప్లవ నాయకుల్లో ఒకడైన లజార్ కార్నో ఆ శిష్యుల్లో ఒకడు.

1780లో పారిస్ సైన్స్ అకాడమీ ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకుంది. 1781లో మట్టి తరలింపు మీద ఒక పరిశోధన వ్యాసం వెలువరించాడు. తవ్విన చోటు నుంచి పోయవలసిన చోటికి మట్టిని అతి తక్కువ శ్రమతో ఎలా చేరవేయాలన్నది అందులోని ప్రశ్న. తట్టలతో మట్టి మోసేవారి కష్టంలోంచి పుట్టిన ఆ లెక్కను 1942లో రష్యా గణితవేత్త కాంటొరోవిచ్ ముందుకు తీసుకెళ్లాడు. నేడు కంప్యూటర్లు బొమ్మలను పోల్చడానికి, యంత్రాలకు నేర్పడానికి కూడా దాన్ని వాడుతున్నారు. 1783లో మోంజ్ హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులను కలిపి నీటిని తయారు చేసే ప్రయోగం కూడా చేశాడు.

విప్లవం, పాలిటెక్నిక్

1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. పుట్టుకను బట్టి హక్కులుండే వ్యవస్థ కూలుతుంటే మోంజ్ మనస్ఫూర్తిగా సంతోషించాడు. 1791లో కొత్త కొలతల పద్ధతిని ఆలోచించిన శాస్త్రవేత్తల సంఘంలో ఆయన ఒకడు. మన జామెట్రీ బాక్సులోని స్కేలు మీద సెంటీమీటర్లు ఆ కృషి ఫలితమే. 1792 ఆగస్టు నుంచి సుమారు ఎనిమిది నెలలు నౌకాదళ మంత్రిగా పనిచేశాడు. తర్వాత దేశం మీదకు శత్రు సైన్యాలు వచ్చినప్పుడు ఫిరంగుల తయారీ చూసుకున్నాడు, కొలిమి పనివారికి అర్థమయ్యేలా 1794లో దాని మీద పుస్తకం రాశాడు.

ఆయన జీవితంలో అన్నిటికన్నా గొప్ప పని మాత్రం చదువుల విషయంలోనే. 1794 చివర్లో పారిస్‌లో ఒక కొత్త విద్యాలయం మొదలైంది. 1795లో దానికి ఎకోల్ పాలిటెక్నిక్ అని పేరు పెట్టారు. దాన్ని నిలబెట్టిన వారిలో మోంజ్ ముందువరుసలో ఉన్నాడు. అక్కడ చేరడానికి వంశం అడగలేదు. పరీక్ష పెట్టారు, అందులో నెగ్గినవాడికి సీటు ఇచ్చారు. పేదవాడైనా చదువుకోగలిగేలా విద్యార్థులకు భృతి కూడా ఇచ్చారు. ప్రవేశ పరీక్ష, ఉపకార వేతనం అన్న మాటలు మనకు బాగా తెలిసినవి. గాష్‌లో కూర్చున్న ఒక మనిషి వాటి కోసం ఎందుకు అంత పట్టుబట్టాడో కూడా మనకు తెలుసు. పాలిటెక్నిక్ అనే మాట ఆ విద్యాలయం పేరుతోనే ప్రపంచమంతా వ్యాపించి మన ఊళ్ల దాకా వచ్చింది.

1795 ఆరంభంలోనే ఉపాధ్యాయుల శిక్షణ కోసం పారిస్‌లో ఎకోల్ నార్మల్ అనే మరో సంస్థ కొద్ది నెలలు నడిచింది. అక్కడ మోంజ్ తన రేఖాగణితాన్ని మొట్టమొదటిసారి అందరి ముందు బోధించాడు. ఆయన మాట్లాడుతుంటే షార్ట్‌హ్యాండ్ రాసేవారు రాసుకున్నారు. ఆ పాఠాలు 1799లో పుస్తకంగా వచ్చాయి. తాళం వేసిన విద్య అలా అందరి చేతికీ వచ్చింది.

తరగతిలో ఆయన పాఠం చెబుతుంటే చేతులే ఎక్కువ మాట్లాడేవట. గాలిలో తలాలను, గోళాలను, శంకువులను చేతులతో గీసి చూపిస్తుంటే పిల్లలకు అవి కళ్ల ముందు నిలబడినట్టు ఉండేదని ఆయన శిష్యులు చెప్పేవారు. ఆయన దగ్గర చదివిన పోన్స్లే 1812 యుద్ధంలో రష్యా సైన్యానికి ఖైదీగా చిక్కాడు. సరాటోవ్ చెరలో ఒక్క పుస్తకం లేకుండా, గురువు చెప్పిన పాఠాలను గుర్తు చేసుకుంటూ కొత్త జ్యామితి శాఖకే పునాది వేశాడు. గురువు పాఠం మనసులో ఎంత గట్టిగా నాటుకుందో చూడండి.

ఆ విద్యాలయంలో లోపాలు లేకపోలేదు. ఆడపిల్లలకు ప్రవేశం లేదు. సోఫీ జెర్మేన్ అనే అమ్మాయి అక్కడి లెక్కల పాఠాల నోట్సు సంపాదించి, మగపేరుతో ఆచార్యుడికి తన సమాధానాలు పంపి గణితవేత్త అయింది. ఆడపిల్లలను అక్కడ చేర్చుకున్నది 1972లో మాత్రమే.

ఇటలీ, ఈజిప్టు

1796లో మోంజ్ ఇటలీ వెళ్లాడు. ఫ్రెంచి సైన్యం గెలిచిన చోట్ల నుంచి కళాఖండాలను ఎంపిక చేసి పారిస్‌కు పంపే బృందంలో ఆయన సభ్యుడు. ఓడిన దేశపు సొత్తును తరలించడం ఈ రోజు మనం మెచ్చుకునే పని కాదు. మహనీయుల జీవితంలో అలాంటివి కూడా ఉంటాయి, దాచనవసరం లేదు. అక్కడే నెపోలియన్‌తో గాఢమైన స్నేహం కుదిరింది. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీదకు వెళ్లినప్పుడు మోంజ్ కూడా వెళ్లాడు. కైరోలో స్థాపించిన ఈజిప్టు విజ్ఞాన సంస్థకు మొదటి అధ్యక్షుడు మోంజ్, ఉపాధ్యక్షుడు నెపోలియన్.

ఎడారిలో దాహంతో నడుస్తున్న సైనికులకు దూరంగా చెరువులు కనిపించేవి, దగ్గరికి వెళితే ఇసుకే. మోంజ్ దానికి కారణం వివరించాడు. కాలిన ఇసుకను ఆనుకుని ఉన్న వేడిగాలి, దాని పైన ఉన్న గాలి ఒకేలా ఉండవు కాబట్టి కాంతి వంగి, ఆకాశం నేల మీద ఉన్నట్టు కనిపిస్తుంది. మనం ఎండాకాలంలో తారు రోడ్డు మీద చూసే ఎండమావి కూడా అంతే.

1799లో తిరిగి వచ్చాక ఆయనకు సెనేటర్ పదవి దక్కింది. 1806లో సెనేట్ అధ్యక్షుడయ్యాడు, 1808లో కౌంట్ బిరుదు వచ్చింది. అయితే ఆయన ప్రాణంగా చూసుకున్న పాలిటెక్నిక్‌ను 1804లో నెపోలియన్ సైనిక పాఠశాలగా మార్చాడు. 1805లో ఫీజు కూడా పెట్టాడు. భృతి ఇచ్చి పిలిచిన చోటే డబ్బు కట్టమన్నారు. పేద పిల్లలకు దారి ఇరుకైంది. తలుపు తెరవడం ఎంత కష్టమో, తెరిచిన తలుపు మూసుకోకుండా చూడటం కూడా అంతే కష్టం.

చివరి రోజులు

1815లో నెపోలియన్ ఓడిపోయాడు. పాత రాజవంశం మళ్లీ గద్దెనెక్కింది. 1793లో రాజుకు పడిన మరణశిక్షను అమలు చేసిన మంత్రివర్గంలో మోంజ్ ఉన్నాడు. నెపోలియన్‌కు చివరిదాకా స్నేహితుడు. ఇక ఆయన్ను ఎవరు క్షమిస్తారు? 1816లో విజ్ఞాన సంస్థ నుంచి ఆయన పేరు కొట్టేశారు. ఆ స్థానంలో రాజు నియమించిన కోషీ కూడా ఎకోల్ పాలిటెక్నిక్‌లో చదివినవాడే కావడం విచిత్రం. అదే ఏడాది పాలిటెక్నిక్‌ను కూడా కొంతకాలం మూసేశారు. ఆరోగ్యం చెడి, మనసు విరిగి, మోంజ్ 1818 జూలై 28న పారిస్‌లో కన్నుమూశాడు.

పాలిటెక్నిక్ విద్యార్థులు అంత్యక్రియలకు వెళతామంటే ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. వారు ఊరుకోలేదు. తర్వాత సెలవు రోజు రాగానే అందరూ కలిసి శ్మశానానికి నడిచి వెళ్లి గురువు సమాధి మీద పూలదండ ఉంచారు. పదవులు పోయాయి, బిరుదులు పోయాయి, పిల్లలు మాత్రం మిగిలారు.

1849లో బోన్ పట్టణం తన సానపట్టేవాడి కొడుక్కి విగ్రహం పెట్టింది. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 మంది పేర్లలో ఆయన పేరు ఒకటి. 1989లో ఆయన అస్థికలను దేశం గౌరవించే మహనీయులుండే పాంథియన్‌కు తరలించారు.

కంప్యూటర్‌లో మోంజ్

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కంప్యూటర్ తెర కూడా కాగితం లాగే చదును. మరి అందులో ఘనాకృతి ఎలా కనిపిస్తుంది?

మన పిరమిడ్‌నే తీసుకోండి. కంప్యూటర్‌కు దాని ఐదు మూలలను నిరూపకాలుగా ఇస్తాం: (3,3,0), (-3,3,0), (-3,-3,0), (3,-3,0), శిఖరం (0,0,4). ఏ మూలను ఏ మూలతో కలపాలో చెబుతాం. కంప్యూటర్ దృష్టిలో పిరమిడ్ అంటే ఈ అంకెల పట్టికే. పై చూపు కావాలంటే ప్రతి బిందువులో మూడో అంకె వదిలేస్తుంది. అప్పుడు కర్ణాలు గీసిన చతురస్రం మిగులుతుంది. ముందు చూపు కావాలంటే రెండో అంకె వదిలేస్తుంది. అప్పుడు 6 భూమి, 4 ఎత్తు ఉన్న త్రిభుజం మిగులుతుంది. మనం వేలితో తిప్పినప్పుడు అన్ని బిందువుల నిరూపకాలనూ మళ్లీ లెక్కించి, తెరకు లంబంగా ఉన్న కొలతను వదిలేసి గీస్తుంది. సెకనుకు ఎన్నోసార్లు చేస్తుంది కాబట్టి మనకు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. మనం నోటుపుస్తకం మడతతో చేసిన పనే ఇది.

లెక్కలు కూడా అంతే. ఘనపరిమాణం భూవైశాల్యం 36లో మూడో వంతును ఎత్తు 4తో గుణిస్తే 48 ఘనపు సెంటీమీటర్లు. ఏటవాలు ఎత్తు 5 కాబట్టి ఒక్కో త్రిభుజ ముఖం 15, నాలుగు ముఖాలు 60, భూమి 36 కలిపితే సంపూర్ణతల వైశాల్యం 96 చదరపు సెంటీమీటర్లు. ఇవి పదో తరగతి క్షేత్రమితి లెక్కలే. ముందు చేతితో చేసి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సరిచూసుకోండి.

గుట్టలాంటి వంపు తలం గీయాలంటే కంప్యూటర్ నేలను గళ్లుగా విడగొట్టి, ప్రతి గడి మూలలో ఎత్తు ఎంతో లెక్కించి, ఆ బిందువులను వలలా కలుపుతుంది. నేల మీద ప్రతి చోటికీ ఒక ఎత్తు చెప్పి తలాన్ని వర్ణించే ఈ పద్ధతిని గణిత గ్రంథాల్లో మోంజ్ ప్యాచ్ అంటారు. ఆయన పేరు ఇంకా అలా బతికే ఉంది.

1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో టిమోతీ జాన్సన్ అనే విద్యార్థి త్రిపరిమాణ వస్తువులు గీసే తొలి ప్రోగ్రాముల్లో ఒకటైన స్కెచ్‌ప్యాడ్-3 తయారు చేశాడు. దాని తెర మీద పై చూపు, ముందు చూపు, పక్క చూపు, వాటితోపాటు కంటికి కనిపించే చూపు నాలుగూ ఒకేసారి ఉండేవి. 1982లో ఆటోక్యాడ్ వచ్చింది. జియోజెబ్రాలో త్రిపరిమాణ చిత్రాలు 2014లో చేరాయి. చదువు కోసం దాన్ని ఉచితంగానే వాడుకోవచ్చు, సెల్‌ఫోన్‌లో కూడా పనిచేస్తుంది.

మనం నేర్చుకోవలసింది

మిత్రులారా! మొదటిసారి డ్రాయింగ్ షీటు ముందు కూర్చున్నప్పుడు వస్తువు కళ్లకు కట్టకపోతే భయపడకండి. అది పుట్టుకతో వచ్చే తెలివి కాదు. మోంజ్‌కు కూడా ప్లాస్టర్ కలిపిన చేతుల్లోంచే వచ్చింది. సబ్బుముక్కను కోసి చూడండి, బంగాళాదుంపను ఏటవాలుగా తరిగి చూడండి, ఆ కోత గీతను కాగితం మీద వేయండి. మన నాన్నలు కట్టే గోడల్లో, మన ఊరి వడ్రంగి చేసే తలుపుల్లో ఈ శాస్త్రమంతా ఉంది. దానికి పుస్తకం భాష నేర్చుకుంటే చాలు.

పుట్టుకను చూసి పక్కన కూర్చోబెట్టిన మనిషి, తన వంతు వచ్చినప్పుడు వెనకాల వచ్చేవారి కోసం తలుపు తెరిచాడు. మనలో పైకి వెళ్లిన ప్రతి ఒక్కరూ ఆ ఒక్క పని చేస్తే చాలు. చదవడం అయిపోయాక ఈ సంచికనే సగం తెరిచి నిలబెట్టి, మధ్యలో మీ జామెట్రీ బాక్సు పెట్టి చూడండి. మోంజ్ మొదటి పాఠం అదే.